సేఫ్టీగా ఆడుతున్న అబ్బాయి ఎన్‌ఎఫ్‌ఎల్ అంటున్నాడు, ఆపాలా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మావారు సాఫ్ట్‌వేర్, హెచ్-1బి మీద ఉన్నారు. చిన్నప్పుడే ఇక్కడికొచ్చిన మా అబ్బాయి ఇప్పుడు 11వ తరగతి. స్కూల్ వర్సిటీ (అంటే మొదటి) అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో సేఫ్టీ అనే స్థానంలో ఆడతాడు. కాలేజీలో ఆడి, ఆ ఆట ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్తానంటున్నాడు. క్యాంపులకు రమ్మని కాలేజీల నుంచి మెయిల్స్ వస్తున్నాయి. వాళ్ళ నాన్న కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకో మాట వినరు. నాకేమో దెబ్బలంటే భయం. ఏం చేయమంటారు?

జవాబు: ఆపకండమ్మా. టెక్సాస్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ వర్సిటీ జట్టులో చోటు తెచ్చుకోవడమే కష్టం, అందులోనూ సేఫ్టీగా. డిఫెన్స్‌లో అందరికన్నా వెనక ఉండి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కళ్ళను బట్టి బంతి ఎటు రాబోతోందో పసిగట్టి, ఎవరు ఎవర్ని కాచుకోవాలో తోటివాళ్ళకు కేకేసి చెప్పేది అతనే. అతను పొరపడితే వెనక ఇంకెవరూ ఉండరు. కోచ్ ఆ చోటు మీవాడికి ఇచ్చాడంటే వాడి బుర్ర మీద నమ్మకం ఉన్నట్టే. ఈ సంగతి వాళ్ళ నాన్నగారికి చెప్పండి.

అయితే దారి ఎంత ఇరుకో మీ ముగ్గురికీ తెలిసుండాలి. ఈ దేశంలో హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు దాదాపు పది లక్షల మంది. కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ లెక్కల ప్రకారం వాళ్ళలో కాలేజీలో ఆడేది సుమారు నూటికి ఏడుగురు. డ్రాఫ్ట్ (ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు వంతులవారీగా కొత్తవాళ్ళను ఎంచుకోవడం) అర్హత వచ్చిన కాలేజీ ఆటగాళ్ళలో ఎంపికయ్యేది నూటికి ఇద్దరికన్నా తక్కువ. హైస్కూల్ అయ్యాక మూడేళ్ళు గడిస్తేగాని ఆ అర్హతా రాదు.

సేఫ్టీలను ఎలా ఎంచుతారో కూడా చెప్తాను, ఎందుకంటే మీవాడు ఇప్పుడు స్టాప్‌వాచ్ పట్టుకుని 40 గజాల పరుగు గురించే టెన్షన్ పడుతుంటాడు. వేగం కావాలి, కాదనను. కానీ నోటర్ డామ్ యూనివర్సిటీలో ఆడిన కైల్ హామిల్టన్ 2022లో ఇండియానాపోలిస్ కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్ళకు పెట్టే పరీక్షల్లో) ఆ పరుగును 4.59 సెకన్లలో తీస్తే, ఈ స్థానానికి అది నెమ్మది అన్నారు. అయినా బాల్టిమోర్ రేవెన్స్ అతన్ని మొదటి రౌండ్‌లోనే, 14వ ఎంపికగా తీసుకుంది. ఈరోజు లీగ్‌లో మంచి సేఫ్టీల పేర్లు చెప్పమంటే అతని పేరు ముందు వరసలో వస్తుంది. కెవిన్ బయార్డ్ కథ మీవాడికి ఇంకా పనికొస్తుంది. పెద్ద పేరులేని మిడిల్ టెనెసీ స్టేట్‌లో ఆడి 19 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు విసిరిన బంతిని మధ్యలో అందుకోవడం) పట్టాడు. అయినా కంబైన్‌కు పిలుపు రాలేదు. 2016లో టెనెసీ టైటన్స్ మూడో రౌండ్‌లో తీసుకుంది. మరుసటి ఏడాదే 8 ఇంటర్‌సెప్షన్లతో లీగ్‌లో అందరికన్నా పైన నిలిచినవాళ్ళలో ఒకడయ్యాడు. ఇద్దరినీ నిలబెట్టింది మ్యాచ్ వీడియో. కాబట్టి కోచ్‌లు చూసే హడుల్ సైట్‌లో పెట్టే వీడియోలో దడదడలాడించే పాటలు, గుద్దుడు క్లిప్పులు కాదు, బంతి వదలకముందే అతని అడుగు ఎటు పడిందో కనబడాలి. బయట ఒంటరిగా దొరికిన రన్నర్‌ను కింద పడేయడం కనబడాలి. కిక్‌ఆఫ్‌లో, పంట్‌లో (బంతిని తన్ని ఎదుటి జట్టుకు ఇచ్చే ప్లేల్లో) పరుగెత్తడం కూడా పెట్టమనండి. కాలేజీలోనైనా, పైనైనా కొత్త సేఫ్టీ చాలాసార్లు ఈ తన్నే ప్లేలకు దిగే స్పెషల్ టీమ్స్‌తోనే జట్టులో నిలబడతాడు.

ఆ క్యాంపు మెయిల్స్ చాలావరకు వేలమందికి పోయేవే, వాటికి ఫీజు మనమే కట్టాలి. సేఫ్టీల వంటి వెనక ఆటగాళ్ళను చూసుకునే డిఫెన్సివ్ బ్యాక్స్ కోచ్ స్వయంగా ఫోన్ చేసి ఫలానా మ్యాచ్‌లో ఫలానా ప్లే చూశానని చెప్తే, అది ఆసక్తి. ఆటగాళ్ళు కాలేజీ మారడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక కోచ్‌లు ఇప్పటికే కాలేజీలో ఆడినవాళ్ళ వైపు ఎక్కువ మొగ్గుతున్నారు, హైస్కూల్ పిల్లలకు చోట్లు తగ్గాయి. అందుకే పెద్ద జట్లతో పాటు కింది స్థాయి ఎఫ్‌సీఎస్, డివిజన్ 2 కాలేజీలకూ, హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలకూ వీడియో పంపమనండి. ఐవీలో ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వరు, కుటుంబ అవసరాన్ని బట్టి సాయం చేస్తారు.

చదువులో ఒక గడువు దగ్గరపడుతోంది. పై స్థాయి డివిజన్ 1లో ఆడాలంటే 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. ఆ పదహారులో పది 12వ తరగతి మొదలయ్యే లోపే అయిపోవాలి. స్కూల్ కౌన్సెలర్‌ను కలిసి లెక్క చూడండి, ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో నమోదు చేయించండి. మంచి కాలేజీ కావాలంటే 2.3 ఏ మూలకూ చాలదు, అది మీకు నేను చెప్పనక్కర్లేదు.

వాళ్ళ నాన్నగారికి మైరన్ రోల్ గురించి చెప్పండి. ఫ్లోరిడా స్టేట్‌లో సేఫ్టీగా ఆడుతూనే రెండున్నరేళ్ళలో డిగ్రీ ముగించి, రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్ళాడు. 2010లో టైటన్స్ ఆరో రౌండ్‌లో తీసుకున్నా, ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. తర్వాత మెడిసిన్ చదివి న్యూరోసర్జన్ అయ్యాడు. ఆట, చదువు ఒకదాన్నొకటి తినేస్తాయనుకోవడం సరికాదు. కంప్యూటర్ సైన్స్ మంచి డిపార్ట్‌మెంట్ ఉండి, ఫుట్‌బాల్ పిల్లలు నిజంగా ఆ మేజర్ పూర్తి చేస్తున్న కాలేజీ వెతకండి. కోచ్‌ను నేరుగా అడగండి: మీ జట్టులో ఇప్పుడు కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్ళు ఎవరు, వాళ్ళతో మావాడు మాట్లాడొచ్చా అని.

మీరు అడగలేదు గానీ నాకు ఎక్కువ దిగులుగా ఉన్నది వీసా. మీవాడు హెచ్-4 (హెచ్-1బి వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే పనిచేసి సంపాదించే అనుమతి లేదు. 21 నిండేలోపు గ్రీన్ కార్డు రాకపోతే బహుశా విద్యార్థి వీసా ఎఫ్-1కు మారాలి. స్కాలర్‌షిప్ తీసుకోవడం వేరు, డబ్బు సంపాదించడం వేరు. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు, 2025 నుంచి కాలేజీలే నేరుగా ఇవ్వొచ్చు. తోటివాళ్ళు తీసుకుంటున్నారు కదా అని మీవాడు సంతకం పెడితే అతని స్టేటస్‌కే ముప్పు రావచ్చు. ఇలాంటి కేసులు చూసే ఇమిగ్రేషన్ లాయర్‌ను ఏ ఆఫర్ మీదా సంతకం పెట్టకముందే కలవండి.

ఇక దెబ్బలు. 2023 జనవరి 2న బఫలో బిల్స్ సేఫ్టీ డమార్ హామ్లిన్ టాకిల్ చేసి (ఎదుటివాణ్ణి పట్టి పడేసి) లేచి, గుండె ఆగి మైదానంలోనే కూలిపోయాడు. వెంటనే సీపీఆర్, డీఫిబ్రిలేటర్ అందబట్టి బతికాడు, అదే ఏడాది మళ్ళీ ఆడాడు. కాబట్టి ప్రాక్టీస్‌లో అథ్లెటిక్ ట్రైనర్ ఉంటున్నారా, ఏఈడీ (ఆ డీఫిబ్రిలేటర్) ఎక్కడుంది అని స్కూల్‌ను అడగండి, అడగడానికి మొహమాటపడకండి. తల దించకుండా, భుజంతో టాకిల్ చేయడం కోచ్ నేర్పుతున్నాడో లేదో చూడండి. కంకషన్‌ను (తలకు తగిలిన దెబ్బతో మెదడు అదరడాన్ని) మాత్రం పిల్లలు దాచేస్తారు, చోటు పోతుందని. తల తిరుగుతోందని మీవాడు చెప్పిన రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, అంతేగాని ఆట మాన్పించేస్తానని బెదిరించకండి. బెదిరిస్తే రెండోసారి మీకు చెప్పడు.