గాజులు ఒక జత, లెక్కలో రెండుసార్లు

ప్రశ్న: నా వయసు 29. కావలిలో ఉంటాం. రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌ని. చేతికొచ్చే జీతం 36,000, ఏడాదికోసారి 20,000 బోనస్. భార్య, రెండేళ్ల పాప, అమ్మ నా మీదే ఆధారపడ్డారు. అద్దె 7,000, ఇంటి ఖర్చు 14,000, స్కూటర్ ఈఎంఐ 3,200 (ఇంకో ఐదు నెలలు), ఎల్ఐసీ 2,100, చీటీ 5,000. చీటీ రెండు లక్షలది, 40 నెలలు. 14 కట్టాను, ఇంకా ఎత్తలేదు. బ్యాంకులో 45,000 ఉంది. కంపెనీ ఇచ్చిన మూడు లక్షల ఆరోగ్య బీమా ఉంది. పాతకాలపు మోటోక్రాస్ బండ్లన్నా (మట్టి ట్రాకుల మీద రేసులకు వాడేవి), అడవి బాటల రేసులన్నా నాకు ప్రాణం. బెంగళూరులో ఒకాయన దగ్గర 2003 నాటి యమహా వైజెడ్125 ఉంది, 1,90,000 చెబుతున్నాడు. 5,000 అడ్వాన్సు ఇచ్చాను. ఇంకొకరి దగ్గర 1990ల నాటి హోండా సీఆర్125 కాస్త తక్కువకే వస్తోంది. మా ఆవిడ గాజుల మీద 1,40,000 గోల్డ్ లోన్ తీసుకుని, మిగతా 50,000 లోన్ యాప్‌లో తీసుకుందామనుకుంటున్నాను. ఎమర్జెన్సీకి బంగారం ఎలాగూ ఉంది. రెండు బండ్లలో ఏది తీసుకోమంటారు?

జవాబు: ‘ఎమర్జెన్సీకి బంగారం ఎలాగూ ఉంది’ అని రాశారు. దానికి ముందు వాక్యంలోనే ఆ బంగారాన్ని బండి కోసం తాకట్టు పెడతానన్నారు. ఇంట్లో ఉన్నది ఒక జత గాజులు. అవి బ్యాంకు లాకర్‌లోకి వెళ్లాక పాపకు అర్ధరాత్రి జ్వరం ఎక్కువై నెల్లూరు తీసుకెళ్లాల్సి వస్తే ఏ బంగారం తీస్తారు? మీకొక్కరికే కాదు, నాకు వచ్చే ఉత్తరాల్లో సగం మందికి ఇదే పొరపాటు. స్థలం రిజిస్ట్రేషన్‌కీ అవే గాజులు, కాలేజీ ఫీజుకీ అవే గాజులు, ఆస్పత్రికీ అవే గాజులు. అందుకే బండి సంగతి పక్కనపెట్టి ముందు దీని గురించే రాస్తున్నాను.

మీరు పంపిన లెక్క ప్రకారం నెలకు తప్పనిసరిగా పోయేది 31,300. మిగిలేది 4,700. యాప్‌లో 50,000 తీసుకుని నెలకు రెండు శాతం వడ్డీతో ఏడాదిలో తీర్చాలంటే ఈఎంఐ 4,700 పైనే పడుతుంది. అంటే మీ మిగులు మొత్తం దానికే సరి. ఇక పెట్రోలు, టూ స్ట్రోక్ ఆయిల్, టైర్లు, బెంగళూరు ప్రయాణాలు దేనితో? బూట్లు, హెల్మెట్, మోకాలి గార్డులు, ఛాతీకి వేసుకునే ప్రొటెక్టర్, ఇవన్నీ మధ్యరకం కొన్నా 40, 50 వేలు అవుతుంది. ఆ మాటే మీ ఉత్తరంలో లేదు. పైగా యాప్ వాళ్లు ప్రాసెసింగ్ ఫీజు పట్టుకునే ఇస్తారు కాబట్టి చేతికి 50,000 రాదు. అసలు వడ్డీ ఎంతో తెలియాలంటే యాప్‌లో పెద్ద అక్షరాలతో కనిపించే నెలవారీ రేటు చూడకండి, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో (అప్పు షరతులన్నీ రాసి ఇచ్చే కాగితం) ఏపీఆర్ అని ఉండే అంకె, అంటే ఫీజులతో కలిపి ఏడాదికి పడే అసలు రేటు చూడండి. అది చూశాక కూడా సరదా కోసం అప్పు చేయాలనిపిస్తే మీ ఇష్టం. నేను మాత్రం ససేమిరా ఒప్పుకోను.

గోల్డ్ లోన్ మీద ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే సంవత్సరం చివర 1,56,800 ఒక్కసారిగా కట్టాలి. మిగులు మొత్తం యాప్‌కు పోతోంటే ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? చీటీ పాడి ఎత్తి కట్టేద్దామని మీ మనసులో ఉండొచ్చు. డబ్బు అత్యవసరమై పాట పాడేవాడు ఎంత తక్కువకైనా పాడతాడు. మీ చీటీలో కూడా అలా పాడిన వాళ్లను చూసే ఉంటారు. లేదంటే వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటారు. అలా తిరగరాస్తూ తిరగరాస్తూ చివరికి వేలం నోటీసు అందుకున్న ఇళ్లు నాకు తెలుసు. ఆ నోటీసు వచ్చేదాకా భార్యకు చెప్పని మగవాళ్లు కూడా ఉన్నారు. గాజులు ఆవిడవి. ఈ ఆలోచన ఆవిడకు చెప్పారో లేదో మీరు రాయలేదు.

మీ ఉద్యోగం సంగతి కూడా చూడండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు గుంటల దగ్గర ఏం జరిగిందో నాకన్నా మీకే బాగా తెలుసు. ధర పడిపోతే రైతు రొయ్య పిల్ల వేయడం ఆపేస్తాడు, లేదా సగం గుంటల్లోనే వేస్తాడు. పిల్ల లేని గుంటకు మేత అక్కర్లేదు, మేత అమ్ముడుపోని కంపెనీకి ఫీల్డ్ టెక్నీషియన్లు అంతమంది అక్కర్లేదు. రొయ్యలకు వైట్ స్పాట్ వైరస్ రోగం వచ్చిన ఏడాదీ ఇదే కథ. మీ కంపెనీ ఇచ్చిన మూడు లక్షల ఆరోగ్య బీమా ఆ ఉద్యోగంతోపాటే పోతుంది. జీతం, బీమా రెండూ ఒకే రోజు ఆగిపోయే ఇంట్లో ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాల్సిందే. మీకు ఆరు నెలల ఖర్చంటే 1,87,800. బండి ధర కూడా దాదాపు అంతే! ఇప్పుడు మీ దగ్గరున్న 45,000 నెలన్నరకు కూడా చాలదు.

ఇక దెబ్బల సంగతి. మోటోక్రాస్ చేసేవాళ్లు పడతారు. ఎంత బాగా నడిపేవాళ్లయినా పడతారు. బెంగళూరు రైడర్ సి.ఎస్.సంతోష్ 2015లో డకార్ ర్యాలీ (ఎడారుల్లో రోజుల తరబడి సాగే అంతర్జాతీయ రేసు) పూర్తిచేసిన మొదటి భారతీయుడు. 2021 జనవరిలో అదే ర్యాలీలో, సౌదీ అరేబియాలో, పడి తలకు దెబ్బ తగిలితే డాక్టర్లు ఆయన్ని కొన్నాళ్లు కోమాలో ఉంచాల్సి వచ్చింది. ఆయనకు వెనక ఫ్యాక్టరీ టీమ్ ఉంది, ఎత్తుకెళ్లడానికి హెలికాప్టర్ ఉంది. మీకు అంత పెద్ద ప్రమాదం జరగాలని లేదు, కాలర్ బోన్ విరిగితే చాలు. ఈ ఆటలో అది మామూలుగా తగిలే దెబ్బే. ప్లేటు వేస్తారు, నెలన్నర, రెండు నెలలు చెయ్యి ఎత్తలేరు. రోజంతా బండి మీద గుంట గుంటకూ తిరిగే ఉద్యోగం మీది. సెలవులు అయిపోయాక జీతం కోత. ఆస్పత్రి బిల్లు బీమా కట్టినా ఆ రెండు నెలల అద్దె, పాలు, చీటీ కంతు ఏ బీమా కంపెనీ కట్టదు. ఎమర్జెన్సీ ఫండ్ అని నేను పదే పదే విసిగించేది దీనికే.

బీమా విషయంలోనూ చాలామంది పాలసీ ఉంది కదా అని ధైర్యంగా ఉంటారు. మోటారు పాలసీ రేసులకూ, స్పీడ్ టెస్టులకూ వర్తించదు. ఆర్సీ లేని బండికి మోటారు పాలసీయే రాదు. ఆరోగ్య బీమాలో, సాహస క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొన్నప్పుడు తగిలే దెబ్బలకు చెల్లించం అనే షరతు ఉంటుంది. అందులో మోటారు రేసింగ్ పేరు పెట్టి మరీ రాసి ఉంటుంది. సరదాగా చేసేవాడికి ఆ మాట వర్తించదని మీరు వాదించవచ్చు. కానీ లైసెన్సు తీసుకుని, ఎంట్రీ ఫీజు కట్టి, నంబరు ప్లేటు తగిలించుకుని పోటీలో దిగాక మిమ్మల్ని ఏ లెక్కలో వేస్తారన్నది క్లెయిమ్ రోజున తేల్చుకునే విషయం కాదు. ముందే ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. యాక్సిడెంట్ పాలసీల్లో ఈ షరతు ఇంకా గట్టిగా ఉండొచ్చు, పాలసీ కాగితం మొత్తం చదవండి. టర్మ్ ఇన్సూరెన్స్ (గడువులోపు మనిషి పోతేనే ఇంటికి డబ్బు వచ్చే పాలసీ) దరఖాస్తులో ప్రమాదకరమైన అలవాట్లు, ఆటలు ఉన్నాయా అని అడుగుతారు. అక్కడ ‘లేదు’ అని రాయకండి. ప్రీమియం కాస్త పెరిగినా సరే, ఉన్నది ఉన్నట్టు రాయండి. ముగ్గురు ఆధారపడిన మనిషికి టర్మ్ పాలసీ లేకపోవడం నాకు బండి కన్నా ఎక్కువ టెన్షన్ పెడుతోంది. మీ ఎల్ఐసీ పాలసీ ఎంత మొత్తానిదో రాయలేదు. నెలకు 2,100 కట్టే పొదుపు పాలసీ అయితే ఇంటిని నిలబెట్టేంత రాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి ఖరీదు ఎక్కువన్న సాకు కూడా కొంత తగ్గింది.

ఇప్పుడు మీరు అడిగిన బండ్ల సంగతి. రెండిట్లో ఒకటే చెప్పమంటే వైజెడ్. హోండా రెండు స్ట్రోకుల సీఆర్ మోటోక్రాస్ బండ్లను 2007తో ఆపేసింది. యమహా వైజెడ్125ను ఇప్పటికీ తయారుచేస్తోంది, కాబట్టి విడిభాగాలు దొరకడం సులువు. దొరికినా విదేశాల నుంచే రావాలి, కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు కలుస్తాయి. ఈ బండ్లకు కిలోమీటర్ల మీటరు ఉండదు, ఎన్ని గంటలు నడిచిందన్నదే లెక్క. గట్టిగా తిప్పే 125కు కొన్ని పదుల గంటలకే పిస్టన్, రింగులు మార్చాలి. చూడటానికి వెళ్లినప్పుడు ఇంజిన్ చల్లగా ఉండగానే కిక్ కొట్టండి. కాలికి ఎదురు తగలకుండా మెత్తగా దిగిపోతే ఇంజిన్‌లో కంప్రెషన్ (లోపలి గాలి ఒత్తిడి) లేనట్టే. బండిని స్టాండ్ మీద ఎక్కించి వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టి పైకీ కిందికీ కదపండి. టక్‌మని ఆడితే వెనక సస్పెన్షన్ లింకేజీ బేరింగులు అరిగిపోయాయి. ముందు ఫోర్కుల మెరుపు గొట్టాల మీద వేలితో రుద్ది చూడండి. తుప్పు చుక్కలు గరుగ్గా తగిలితే సీలు ఎన్నిసార్లు మార్చినా ఆయిల్ కారుతూనే ఉంటుంది. తుమ్మలపెంట ఇసుకలో ప్రాక్టీసు చేసి, ఉప్పు గాలిలో షెడ్‌లో పెడితే ఆ చుక్కలు త్వరగానే వస్తాయి.

కాగితాల సంగతి ఇంతకన్నా ముఖ్యం. వాడిన బండిని విదేశం నుంచి తేవాలంటే మూడేళ్లకు మించి పాతది కాకూడదన్నది దిగుమతి నిబంధన. ఈ 2003 బండి ఏ ఏడాదిలో, ఎవరి పేరుతో దేశంలోకి వచ్చింది? బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి అప్పుడు కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) చూపించమనండి. లేదంటే కస్టమ్స్ వాళ్లు ఎప్పుడైనా పట్టుకుపోగల వస్తువు మీద మీరు అప్పు కడుతుంటారు. అడవి బాటలు అన్నారు. ఉదయగిరి వైపు కొండలైనా, రాపూరు దగ్గరి పెనుశిల నరసింహ అభయారణ్యమైనా, నల్లమల పులుల అభయారణ్యమైనా అటవీ శాఖ అనుమతి లేకుండా బండి వేసుకుని పోతే కేసు అవుతుంది, బండి పోతుంది.

ఇంకో మాట. మీరు వీడియోల్లో చూసిన వింటేజ్ మోటోక్రాస్ అమెరికాలో, యూరప్‌లో జరిగేది. అమెరికాలో ఏహెచ్ఆర్ఎంఏ అనే పాత బండ్ల రేసింగ్ సంఘం నడిపే పోటీల్లో అసలైన వింటేజ్ తరగతులు 1974 దాకా వచ్చిన బండ్లవి. హస్క్‌వర్నా, మైకో, సీజెడ్, 1973 హోండా ఎల్సినోర్ లాంటివి. 2003 వైజెడ్‌కు ఆ తరగతుల్లో చోటు లేదు. ఇక్కడ ఎఫ్ఎంఎస్‌సీఐ (మన దేశ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య) అనుమతితో జరిగే డర్ట్ ట్రాక్, సూపర్‌క్రాస్ పోటీల్లో విదేశీ బండ్ల తరగతిలో దిగితే పక్కన కొత్త బండ్లు ఉంటాయి. ఆట నేర్చుకోవాలన్న కోరిక మంచిదే. దానికి ఆర్సీ ఉన్న పాత హీరో ఎక్స్‌పల్స్ 200 లేదా ఇంపల్స్ చాలు. లేదంటే కోలార్ దగ్గర సంతోష్ పెట్టిన బిగ్ రాక్ డర్ట్ పార్క్ లాంటి చోట రెండు రోజులు శిక్షణ తీసుకోండి. అదీ బోనస్ డబ్బుతో కాదు, బోనస్‌కు వేరే పని ఉంది.

ఆ పని ఇది. ఈ నెలే మీకు, మీ ఆవిడకు, పాపకు కలిపి ఐదు లక్షల ఫ్లోటర్ ఆరోగ్య బీమా (ఒకే మొత్తాన్ని ముగ్గురూ వాడుకునేది), మీకు టర్మ్, యాక్సిడెంట్ పాలసీలు తీసుకోండి. అమ్మకు వేరే పాలసీ విడిగా చూడాలి, ఆవిడ వయసు, జబ్బులు రాస్తే చెబుతాను. మీ మూడు పాలసీలకూ కలిపి నెలకు 2,400 దాకా పక్కన పెట్టాల్సి వస్తుందనుకుందాం. మిగిలే 2,300 వేరే బ్యాంకు ఖాతాలో రికరింగ్ డిపాజిట్ కట్టండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు వద్దు, ఫోన్‌పే వద్దు. ఐదు నెలల తర్వాత స్కూటర్ ఈఎంఐ తీరగానే ఆ 3,200 కూడా అందులోకే. బోనస్ వచ్చిన రోజే అందులోకే. ఇలా చేస్తే రెండేళ్లలోపే ఆరు నెలల ఖర్చు తయారవుతుంది. మీ చీటీ ఇంకో 26 నెలలు ఉంది. పాడకుండా చివరిదాకా ఆగితే కమిషన్ పోను సుమారు లక్షా తొంభై వేలు చేతికొస్తాయి. అప్పుడు, అప్పు లేకుండా, గాజులు ఆవిడ చేతికే ఉండగా, ఆ డబ్బుతో మీకు నచ్చిన డర్ట్ బైక్ కొనుక్కోండి. నాకు అభ్యంతరం లేదు. దాని రిపేర్లకు మాత్రం ఎమర్జెన్సీ ఫండ్ ముట్టుకోవద్దు.

అడ్వాన్సు గురించి. బెంగళూరు ఆయనకు ఇవాళే ఫోన్ చేసి, కాగితాలు చూపించలేకపోతే 5,000 తిరిగి పంపమనండి. పంపకపోతే వదిలేయండి. ఆ ఐదు వేలు పోతాయని 1,85,000 తీసుకెళ్లి ఇవ్వొద్దు. లోన్ యాప్‌లో దరఖాస్తు ఇప్పటికే పెట్టేసి డబ్బు కూడా పడి ఉంటే, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో కూలింగ్ ఆఫ్ గడువు (అప్పు వద్దనుకుని వెనక్కి ఇచ్చేయడానికి ఉండే గడువు) ఎన్ని రోజులో చూడండి. ఆ గడువులోపు అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడొచ్చు. కట్టేశాక బ్యాంకులో ఆటో డెబిట్ మాండేట్ (ఖాతా నుంచి కంతు దానంతటదే పోయేలా ఇచ్చిన అనుమతి) కూడా రద్దు చేయించండి.