పిండివంటల నూనె: ఖర్చు మూకుడు దగ్గరే తేలుతుంది

పండగకి గారెలు, బూరెలు వండాక డబ్బాడు నూనె మిగిలిపోతోందనీ, సంక్రాంతి నాటి డబ్బా ఇంకా అలాగే ఉందనీ, మిగిలిన నూనె ఎన్నిసార్లు వాడొచ్చో, ఖర్చు ఎలా తగ్గించాలో చెప్పమనీ పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగారు. మాది బరంపురం. అప్పడాలకి పేరుపడ్డ ఊరు కాబట్టి మా ఇంట్లో మూకుడు ఎక్కని వారం ఉండదు.

ముందు మూకుడు మార్చండి. వెడల్పాటి దాంట్లో గారె తేలాలంటే లీటరు పైనే పోయాలి. ఇరుకుగా, లోతుగా ఉన్న చిన్న దాంట్లో అర లీటరు సరిపోతుంది. వాయికి మూడు నాలుగే పడతాయి, కాస్త ఎక్కువసేపు నిలబడాలి, గ్యాసూ కొంచెం ఎక్కువే అవుతుంది. అయినా లాభమే, ఎందుకంటే మిగిలేది గ్లాసుడే. మధ్యలో తగ్గితే కొద్దికొద్దిగా పోసుకుని, కాగాకే తర్వాతి వాయి వేయండి.

రెండోది, వంటకం పీల్చే నూనె. ఇది కంటికి కనబడదు గానీ డబ్బు పోయేది ఇక్కడే. వండే ముందూ, చల్లారాకా ఒకే సీసాలో పోసి కొలిచి చూడండి, తెలుస్తుంది. నూనె సరిగ్గా కాగకపోతే పూరీ తాగేస్తుంది. చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి, పొగ మాత్రం రాకూడదు. లెక్కలో చెప్పాలంటే 170 నుంచి 180 డిగ్రీలు. గారెల పిండి జారుగా రుబ్బినా, బజ్జీల్లో సోడా ఎక్కువైనా అంతే సంగతి.

వరస కూడా ముఖ్యం. అప్పడాలు, పూరీలు ముందు, తర్వాత జంతికలు, ఆ పైన గారెలు, పకోడీలు. అరిసెలు, బూరెలు చివర్లో, ఎందుకంటే బెల్లం తగిలితే నూనె నల్లబడుతుంది. బూరె పగిలి పూర్ణం బయటికొస్తే ఇక ఆ నూనె మీద ఆశ వదులుకోవడమే! రాలిన పలుకులు ఎప్పటికప్పుడు చిల్లుల గరిటెతో తీసేయాలి. అవి మాడే కొద్దీ నూనె పాడవుతుంది.

చేపల విషయంలో మా పక్కింటి ఒడియా మావుసి (పిన్ని) పద్ధతి నాకు బాగా నచ్చింది. ఆవనూనె కొంచెమే పోసి ముక్కలు వేయించి, అదే నూనెలో ఆవపిండి ముద్దతో బెసరో కూర వండేస్తుంది. మిగలడం, దాచడం అన్న మాటే లేదు. మన వాళ్లకి ఆవనూనె ఘాటు పడదంటారు గానీ, చేపకి అదే రుచి.

ఇక ఎన్నిసార్లు అన్నది. నేను పిండివంటలకి మళ్లీ మూకుట్లో పోయను. చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టి, మూతున్న స్టీలు డబ్బాలో చీకటి చోట పెట్టి, వారం లోపల పోపులకీ, వేపుళ్లకీ ఖర్చు చేసేస్తాను. రాగి, ఇత్తడి పాత్రల్లో ఉంచకండి, తొందరగా పాడవుతుంది. కొత్త నూనెలో కలపడం అయితే అసలొద్దు, రెండూ పోతాయి. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె కాగే కొద్దీ అందులో పెరిగే పాడు పదార్థాలు, 25 శాతం దాటకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జులై నుంచి నిబంధన పెట్టింది. దుకాణాల వాళ్లకైతే దాన్ని కొలిచే మీటర్లున్నాయి. మనకి ముక్కూ కళ్లే మీటరు. చిక్కబడినా, నురగ తగ్గకపోయినా, మునుపటి కంటే తొందరగా పొగ వచ్చినా పారెయ్యాల్సిందే. సాయంత్రం బండి మీద ఆలూ చాప్ తినేటప్పుడు నేనూ మూకుడు వంక చూడను లెండి.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద గ్రాములు చూడండి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది, ఒకేలా కనబడే ప్యాకెట్లలో కొన్ని అంతకంటే తక్కువే ఉంటున్నాయి. మన దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే కాబట్టి సుంకం మారితే ధర కదులుతుంది. 2024 సెప్టెంబరులో పెంచారు, 2025 మే నెలాఖరులో శుద్ధి చేయని వంటనూనె మీద తగ్గించారు. అందుకని పండగ సరుకంతా ఒకేసారి కొని నిల్వ పెట్టడంలో పెద్ద లాభం నాకైతే కనబడలేదు.

సంక్రాంతి నాటి డబ్బా ఇంకా ఉందన్నారు కదా, దాన్ని సింకులో పోయకండి, గొట్టం పూడుకుపోతుంది. రంపపు పొట్టులోనో పాత కాగితాల్లోనో ఇంకించి చెత్తలో వేసేయండి.