ఇంటర్న్‌షిప్ కోసం ఢిల్లీ వెళ్లే ముందు జిల్లా కోర్టుకు రా

చిన్నీ,

నీ మెసేజ్ చూశాను. లా సెకండియర్ అయిపోతోంది, క్లాసులో అందరికీ ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్ కుదిరింది, ఢిల్లీలో ఎన్ని లా ఫర్మ్‌లకు మెయిల్ పెట్టినా నాకు మాత్రం ఒక్కరూ జవాబివ్వలేదు పెద్దమ్మా అని అంత టెన్షన్ పడుతూ రాశావు. వాట్సాప్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా, నువ్వూ తీరిగ్గానే చదువు.

ముందు లెక్క చూసుకో. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ఐదేళ్ల కోర్సు వాళ్లు చదువు మొత్తమ్మీద కనీసం 20 వారాలు, మూడేళ్ల కోర్సు వాళ్లు 12 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. ఏ ఏడాదిలోనూ వరసగా నాలుగు వారాలకు మించి చెయ్యకూడదు. నీ చేతిలో ఇంకా మూడేళ్లున్నాయి, కొంపలేమీ మునిగిపోలేదు. ఆ నిబంధనల్లోనే ఇంకో మాట ఉంది, దాన్ని పిల్లలూ పట్టించుకోరు, కాలేజీలూ పట్టించుకోవు: కోర్సు పూర్తయ్యేలోగా ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా ట్రయల్ లాయర్ల దగ్గరా, అప్పీళ్లు చూసే లాయర్ల దగ్గరా పని చేసి ఉండాలి. మిగతా వారాలు స్వచ్ఛంద సంస్థలో చెయ్యొచ్చు, జడ్జి దగ్గర చెయ్యొచ్చు, చట్టసభలో, కంపెనీలో, చివరికి స్థానిక సంస్థల్లో కూడా చెయ్యొచ్చు.

కార్పొరేట్ ఫర్మ్‌ల మీద నాకు కోపమేమీ లేదు, ఫోర్త్ ఇయర్‌లో వెళ్లు, అప్పటికి నీకు కాంట్రాక్టు చదవడం వచ్చి ఉంటుంది, వాళ్లకూ నువ్వు పనికొస్తావు. సెకండియర్‌లో వెళితే ఏసీ గదిలో కూర్చోబెట్టి పాత తీర్పులు వెతకమంటారు, నెలాఖరుకు సర్టిఫికెట్ ఇస్తారు. కేసంటే ఏమిటో తెలియాలంటే మొదటి నాలుగు వారాలు జిల్లా కోర్టులో గడపాలని నా గట్టి నమ్మకం. సాక్షి బోనెక్కి తడబడేదీ, లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగి చేజేతులా కేసు పాడుచేసుకునేదీ, పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషి వాయిదా పడిందని విని మాట్లాడకుండా వెనక్కి పోయేదీ అక్కడే. హైకోర్టుకు ఇవన్నీ టైపు చేసిన కాగితాలుగా మాత్రమే చేరతాయి.

సీనియర్‌ను ఎంచుకునేటప్పుడు బోర్డు మీద ఎన్ని డిగ్రీలున్నాయో చూడకు. సివిల్, క్రిమినల్ రెండూ చూసే మధ్యరకం ఆఫీసైతే మంచిది. అడగాల్సింది ఒక్కటే: ఫైళ్లు చదవనిస్తారా? చదవనిస్తామంటే చేరిపో. చేరాక ఆ ఆఫీసు గుమాస్తా గారిని మంచి చేసుకో. నవ్వకు, నిజంగానే చెబుతున్నా. కోర్టు ఫీజు ఎంత కట్టాలి, అవతలివాళ్లకు సమన్లు పంపడానికి ప్రాసెస్ ఎప్పుడు వెయ్యాలి, సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ ఎక్కడ పెట్టాలి, దావాకు కోర్టు నంబరు పడకుండా ఎందుకు రిటర్న్ అయింది, ఇవన్నీ ఆయనకు నోటి మీద ఉంటాయి, నీకు పాఠం చెప్పే ప్రొఫెసర్‌కు చాలామటుకు తెలియవు. రిటర్న్ అయిన పిటిషన్ దొరికితే దాని మీద ఆఫీసు రాసిన అభ్యంతరాలు చదువు, డ్రాఫ్టింగ్ క్లాసులో ఒక సెమిస్టరంతా చెప్పేది అందులో నాలుగు లైన్లలో ఉంటుంది.

ఇంకో పని చెబుతా, ఇది మాత్రం తప్పక చెయ్యి. తీర్పు అయిపోయిన క్రిమినల్ ఫైలు ఒకటి అడిగి తీసుకుని, అందులోంచి ఎఫ్ఐఆర్ ఒక్కటే ముందు పెట్టుకో. కథ చదవకు, టైములు చూడు. నేరం ఎన్ని గంటలకు జరిగిందన్నారు, స్టేషన్‌కు ఎన్ని గంటలకు చేరింది, ఆ చోటు స్టేషన్‌కు ఎంత దూరమని రాశారు, ఆలస్యానికి కారణం రాయాల్సిన గడిలో ఏం రాశారు, మేజిస్ట్రేటు కోర్టుకు ఎన్ని గంటలకు పంపారు. అన్నీ ఒక తెల్లకాగితం మీద వరసగా రాసుకుని, ఆ తర్వాత తీర్పు తీసి చదువు. మూడు కిలోమీటర్ల దూరానికి పద్నాలుగు గంటలు పట్టిందని కాగితం మీద కనిపిస్తే, ఆ మధ్యలో ఎవరు ఎవరితో మాట్లాడుకున్నారు, ఎవరి పేరు కొత్తగా చేరింది అని డిఫెన్స్ లాయరు ఎందుకు పట్టుకున్నాడో నీకే అర్థమవుతుంది.

అలాగే తెలుగు. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఇక్కడే బోల్తా పడతారు. పాత దస్తావేజు చేతికిస్తే హద్దులు చదవలేరు, పొలం ఎవరి సాగులో ఉందో రాసే రికార్డునే తెలంగాణలో పహాణీ అనీ, ఆంధ్రలో అడంగల్ అనీ అంటారని తెలియదు, సాక్షి తెలుగులో చెప్పింది ఒకటైతే ఇంగ్లిష్‌లో ఇంకోటి రాస్తారు. నువ్వు తెలుగు తప్పుల్లేకుండా చదివి, టైపు చేసి, అనువాదం చెయ్యగలిగితే ఏ లాయరైనా నిన్ను వదులుకోడు.

ఇప్పుడు నాకు ఇష్టమైన సంగతికి వస్తా. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 1987 చట్టం కింద ఏర్పడింది, ఆ చట్టం 1995 నవంబర్ 9న అమల్లోకి వచ్చింది, అందుకే ఆ రోజును న్యాయ సేవల దినంగా జరుపుతారు. ఛైర్మన్ జిల్లా జడ్జి, రోజువారీ పని చూసేది సెక్రటరీ, ఆయనా జడ్జే. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని పెట్టాలి. ఈ ముక్క చదువుకున్న వాళ్లకే తెలియదు. అక్కడ పారా లీగల్ వలంటీర్లని ఉంటారు, 2009లో మొదలైన పథకం, లాయరుగా ఎన్‌రోల్ అయ్యేదాకా లా విద్యార్థులు కూడా అందులో చేరొచ్చు. నోటిఫికేషన్ కోసం జిల్లా కోర్టు వెబ్‌సైట్ చూస్తూ ఉండు.

అక్కడ నీ వయసు వాళ్లు చెయ్యగలిగిన అసలైన పని జైలు లీగల్ క్లినిక్‌లో, అంటే ఖైదీలకు ఉచితంగా న్యాయ సాయం చేసే చోట ఉంది. కోర్టు బెయిల్ ఇచ్చినా జామీనుదారులు దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లుంటారు. అలాంటివాళ్ల కోసం సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశాలిచ్చింది: బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలి, వాళ్లు వలంటీరునో లాయర్నో పంపి ఏం అడ్డొచ్చిందో కనుక్కోవాలి. అలాగే పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 479 సెక్షన్ ప్రకారం, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకపోతే, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు విచారణ ఖైదీగా గడిపేస్తే బాండు మీద విడుదల చెయ్యాలి, మిగతావాళ్లకు సగం. వేరే కేసులేమైనా ఉంటే లెక్క మారుతుంది. పేరు, అరెస్టు తేదీ, సెక్షన్లు, గరిష్ఠ శిక్ష, ఎన్నాళ్లయింది అని ఐదు గళ్ల పట్టిక గీసి నింపితే చాలు, ఎవరి గడువు దాటిపోయిందో బయటపడుతుంది. ఈ పనికి గొప్ప న్యాయశాస్త్రం అక్కర్లేదు, ఓపిక కావాలి. సొంతంగా మాత్రం జైలు గేటు దగ్గరకు పోకు, సంస్థ ద్వారా అనుమతితోనే వెళ్లాలి.

లోక్ అదాలత్ రోజున కూడా ఉండు. చెక్ బౌన్సులు, యాక్సిడెంట్ కేసులు, బ్యాంకు బాకీలు కుప్పలుగా వస్తాయి. అక్కడి అవార్డు, అంటే తీర్పు మీద అప్పీలు లేదు, కాబట్టి రాజీపత్రం మీద సంతకం పడిందంటే అంతే. భర్త యాక్సిడెంట్‌లో పోయిన మనిషి వేలిముద్ర వెయ్యబోయే ముందు ఆ కాగితంలో మొత్తం ఎంత రాశారు, అందులో పిల్లల పేరున డిపాజిట్ ఎంత, చేతికెంత వస్తుందో తెలుగులో నిదానంగా చదివి వినిపించే వాళ్లు తక్కువ. బెంచి ఒప్పుకుంటే ఆ పని నువ్వు చెయ్యి. ఒప్పుకో అని కానీ, వద్దని కానీ చెప్పకు, నువ్వింకా లాయరువి కాదు.

నోరు జాగ్రత్త, ఫోను ఇంకా జాగ్రత్త. ఫైలు ఫొటో తీసి ‘మై ఫస్ట్ కేస్’ అని ఇన్‌స్టాలో పెట్టడం మీ బ్యాచ్‌లో ఫ్యాషనైంది, నాకు చూస్తేనే ఒళ్లు మండుతుంది. అత్యాచార బాధితురాలు ఎవరో తెలిసే వివరం బయటపెడితే బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 72 సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, పిల్లల మీద లైంగిక నేరాల పోక్సో కేసుల్లో వేరే నిషేధం ఉంది, బాలల కేసుల్లో ఇంకోటి ఉంది. స్నేహితురాలితో చెప్పినా పేరు, ఊరు చెప్పకూడదు.

ఇంకో మాట, మీ అమ్మకు చెప్పినా చెప్పకపోయినా నీకు చెప్పాలి. ఆఫీసులో ఎవరైనా తేడాగా ప్రవర్తిస్తే సర్టిఫికెట్ కోసం భరించకు. పనిచోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టంలో ఉద్యోగి అనే మాటలో ట్రైనీ, అప్రెంటిస్ కూడా ఉన్నారు, జీతం లేకపోయినా సరే. రాత్రిపూట డ్రాఫ్టింగ్ అని పిలిస్తే నాకు ఫోన్ చెయ్యి, సంగతి నేను చూసుకుంటా. డబ్బు కడితే ఇంటర్న్‌షిప్ ఇస్తామనే వాళ్లకు రూపాయి కూడా ఇవ్వకు.

ఢిల్లీ మోజు తీరాలంటే జాతీయ మానవ హక్కుల కమిషన్ ఉంది, రెండు వారాల ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్, నాలుగు వారాలవి వేసవిలోనూ చలికాలంలోనూ పెడతారు. డిగ్రీ అయ్యాక ఎంపీల దగ్గర పరిశోధన చేసే లాంప్ ఫెలోషిప్‌కు పెట్టుకోవచ్చు, చట్టసభల పని మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ వాళ్లది. ఈలోగా ఇంట్లో కూర్చునే ఒక ఆర్టీఐ దరఖాస్తు పెట్టి చూడు, ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు, ప్రశ్న సూటిగా అడగడం ఎంత కష్టమో తెలిసొస్తుంది. సుప్రీంకోర్టు వాదనలు లైవ్‌లో కూడా చూడు. ఆ లైవ్ కోసం కోర్టుకెక్కిన వాళ్లలో ఒక లా విద్యార్థి ఉన్నాడు, 2018లో తీర్పొస్తే 2022 సెప్టెంబర్ 27న రాజ్యాంగ ధర్మాసనాల ప్రసారం మొదలైంది.

దరఖాస్తులో ‘న్యాయం పట్ల చిన్ననాటి నుంచి తపన’ లాంటివి రాయకు, చదివేవాళ్లకు విసుగు. ఏ ఇయర్, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ పని వచ్చు, తెలుగు టైపింగ్ వచ్చని, అంతే, ఒక్క పేజీ. కాలేజీ లెటర్ జత చెయ్యి. మెయిల్‌కు జవాబు రాకపోతే ప్రింటు తీసుకుని నువ్వే వెళ్లి న్యాయ సేవాధికార సంస్థ సెక్రటరీ గారి ఆఫీసులో ఇవ్వు. డైరీ ఏ రోజుది ఆ రోజే రాయి, దాన్ని నీ గైడూ, లెక్చరరూ చూసి మార్కులేస్తారు, ఆఖరి రాత్రి కూర్చుని రాసిన డైరీ మొహం చూస్తేనే తెలిసిపోతుంది.

మే నెలలో మాత్రం రాకు, సివిల్ కోర్టులకు వేసవి సెలవులు, ఖాళీ బెంచీలు తప్ప ఏమీ ఉండవు. జూన్ రెండో వారానికి పెట్టుకో, నాలుగు వారాలూ మా ఇంట్లోనే ఉందువుగాని. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల టై, వేళ్లు కనపడని నల్ల బూట్లు తెచ్చుకో. బ్యాండు, గౌను లాయర్లయ్యాక. కోటు కొనకు, అక్క పాతది నీకు సరిపోతుంది, భుజాల దగ్గర కొంచెం కుట్టిస్తా.

మీ పెద్దమ్మ