మూడేళ్ల కాంట్రాక్టు కోసం పర్మనెంటు ఉద్యోగం వదులుకోవచ్చా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. బ్యాంకులో పర్మనెంటు ఉద్యోగం, ఇంటి లోను నడుస్తోంది. మూతపడ్డ పాత పారిశ్రామిక వాడను బాగుచేసి, అక్కడ వ్యాపారాలు, ఉపాధి పెంచే ప్రాజెక్టు ఆఫీసులో మూడేళ్ల కాంట్రాక్టు వచ్చింది. జీతం ఐదో వంతు తక్కువ. ఎప్పటి నుంచో చేయాలనుకుంటున్న పని ఇది. మావారూ ఉద్యోగం చేస్తారు. అయినా ఇంట్లో అందరికీ టెన్షన్. చేరమంటారా?

జవాబు: చేరండమ్మా. కానీ రాజీనామా ఈ వారమే ఇవ్వకండి.

జీతం తగ్గడం గురించి మీరు బెంగపడుతున్నారు. నన్ను ఆలోచనలో పడేసింది మూడేళ్లన్న మాట. ఒక ప్రాంతం తిరిగి నిలదొక్కుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టొచ్చు, దానికిచ్చే నిధులు మాత్రం గడువుతో వస్తాయి. లండన్‌లో మూతపడ్డ పాత రేవుల ప్రాంతం డాక్‌లాండ్స్‌ను బాగుచేయడానికి 1981లో పెట్టిన కార్పొరేషన్ 1998లో మూతపడింది. ఇంగ్లండ్‌లో 1999లో మొదలైన ప్రాంతీయ అభివృద్ధి ఏజెన్సీలు ప్రభుత్వం మారాక 2012లో రద్దయ్యాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో దాదాపు 400 పునరభివృద్ధి ఏజెన్సీలను ఒక్కసారిగా ఎత్తేశారు. అలాంటి రోజున మీరెంత బాగా పనిచేశారన్నది ఎవరూ అడగరు.

ఇలాంటి ఆఫీసులోనే చేరబోతూ ఒకాయన ఆర్డరు కాపీ తెచ్చి నా ముందు పెట్టారు. జీతం అంకె కింద పెన్నుతో రెండు గీతలు గీసుకున్నారు. నాలుగో పేజీలో 'నిధులు అందుబాటులో ఉన్నంత వరకు' అని ఉంది. దాని కింద ఒక్క గీతా లేదు. మీ ఆర్డరులో ముందు ఆ వాక్యం వెతకండి. కాంట్రాక్టు ఎప్పటిదాకా అని కాదు, నిధులు ఎప్పటిదాకా అని అడగండి. చాలా గ్రాంట్లలో ముందు ఖర్చుపెట్టి, లెక్కలు చూపించాకే డబ్బు వస్తుంది. యూరోపియన్ యూనియన్ ప్రాంతీయ నిధులు ఎక్కువగా ఇలాగే నడుస్తాయి. ఆ డబ్బు ఆలస్యమైతే జీతాలు ఎక్కడి నుంచి ఇస్తారో కూడా కనుక్కోండి.

ఇక మీ లోను. బ్యాంకు ఉద్యోగి కాబట్టి స్టాఫ్ రేటుకు, అంటే ఉద్యోగులకిచ్చే తక్కువ వడ్డీకి తీసుకున్నారా? అయితే ఉద్యోగం మానగానే అది మామూలు రేటుకు మారే అవకాశం ఎక్కువ. జీతం తగ్గిన నెలలోనే ఈఎంఐ కూడా పెరిగితే మీకు తగ్గేది ఐదో వంతు కాదు, అంతకంటే ఎక్కువ. ఈ లెక్క రాజీనామాకు ముందే మీ బ్రాంచిలో వేయించుకోండి. లోను వేరే చోటికి మార్చాలన్నా పర్మనెంటు ఉద్యోగంలో ఉండగానే తేలిక. బ్యాంకు ఇచ్చే గ్రూపు ఆరోగ్య బీమా కూడా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి, కొన్ని జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే పాలసీ తీసుకున్న కొంతకాలానికి గానీ వాటికి బీమా వర్తించదు.

ఈ నెల నుంచే కొత్త జీతం వస్తున్నట్టు బతికి చూడండి. మిగిలిన ఐదో వంతు జీతం పడ్డ రోజే వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి. మూడు నెలలు ఇల్లు సాఫీగా నడిచిందంటే ఇంట్లోవాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది, మీ చేతిలో కొంత డబ్బూ ఉంటుంది. ఈఎంఐతో కలిపి ఆరు నెలల ఖర్చు చేతిలో పడ్డాక చేరండి. మూడో ఏడు మొదలయ్యేసరికి అది ఏడాది ఖర్చు కావాలి. చేతిలో డబ్బుంది కదా అని లోనులో కట్టేయకండి. కాంట్రాక్టు ఉద్యోగికి అప్పు తగ్గడం కంటే అందుబాటులో ఉన్న డబ్బే ధైర్యం.

ఈ రంగం కోసం అప్పు చేసి పీజీ చదవక్కర్లేదు. బ్యాలెన్స్ షీటు చదివి ఏ వ్యాపారం నిలబడుతుందో చెప్పగలిగినవాళ్లు ఇలాంటి ఆఫీసుల్లో చాలా అవసరం, ఆ పని మీకు వచ్చు. మొదటి ఏడాదే నిధుల దరఖాస్తు రాసే టీములో చేరండి. తర్వాతి నిధులు తేగలిగినవాళ్లకే తర్వాతి ఉద్యోగం ముందు దొరుకుతుంది. గడువుకు తొమ్మిది నెలల ముందే వెతకడం మొదలుపెట్టండి.

నిధుల ముగింపు తేదీ, కొత్త ఈఎంఐ తెలిశాక మళ్లీ రాయండి. నెలవారీ లెక్క కలిసి వేద్దాం.