లైన్ అంటే గీతేనా?

సందేహం: అనువాదం నేర్చుకుంటున్నాను సార్. ‘లైన్’కు ‘రేఖ’ అని ఖాయం చేసుకుని డెడ్‌లైన్, పైప్‌లైన్, లైన్ క్లియర్ లాంటి మాటలన్నిటినీ దానితోనే కట్టొచ్చా? (ఒక పాఠకురాలు, హన్మకొండ)

సమాధానం: వద్దమ్మా. అలా కడితే మాటలైతే పుడతాయి గానీ అర్థం పుట్టదు.

అసలు ‘లైన్’ గీతగా పుట్టలేదు, దారంగా పుట్టింది. లాటిన్‌లో ‘లినుమ్’ అంటే అవిసె మొక్క, ఆ నారతో పేనిన దారం ‘లినియా’, దాంట్లోంచి వచ్చిందే మన లైన్. లినెన్ బట్ట పేరూ ఆ ఇంటిదే. మేస్త్రీ గోడ లేపేటప్పుడు రెండు కొసలకూ దారం బిగించి కట్టి ఇటుకలు పేరుస్తాడు చూడండి, దారం గీతగా మారే చోటు అదే. మన ‘సూత్రం’ కూడా మొదట దారమే, తర్వాతే నియమమైంది. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు, వాళ్ల మగ్గం మీద ప్రతి చారా రంగు పోగుల వరుసే.

ఆ దారం ఒక్కో పనిలో ఒక్కో అర్థం తెచ్చుకుంది. ‘లైన్ క్లియర్’ సంగతి చూడండి. కాజీపేట జంక్షన్‌లో అయితే ముందున్న స్టేషన్ వాళ్లు ‘పట్టాలు ఖాళీగా ఉన్నాయి, బండిని పంపండి’ అని ఇచ్చే అనుమతి. అదే మాట కరెంటు వాళ్ల దగ్గర, వాళ్లు ‘ఎల్సీ’ అంటారు, తీగలో కరెంటు ఆపేశాం, స్తంభం ఎక్కొచ్చు అనే అనుమతి. ఒకచోట లైన్ మీద బండి నడవడానికి, ఇంకోచోట లైన్‌లో ఏమీ పారకుండా ఉండటానికి! స్తంభం కింద నిలబడ్డ మనిషి ప్రాణం ఆ మాట మీదే ఉంటుంది, అందుకే ఎల్సీని ఎల్సీగానే ఉంచాలంటాను. పేపర్లో ‘నియామకాలకు లైన్ క్లియర్’ అన్నప్పుడు పట్టాలూ లేవు, తీగా లేదు. ‘అడ్డు తొలగింది’ అంటే చాలు.

‘డెడ్‌లైన్’ చరిత్ర మరీ కఠినం. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1864లో, జార్జియాలోని ఆండర్సన్‌విల్ యుద్ధఖైదీల శిబిరంలో గోడకు లోపలివైపు ఒక హద్దు పెట్టారు, అది దాటిన ఖైదీని కాల్చేసేవారు. తర్వాత పత్రికల వాళ్ల నోట అది సమయానికి హద్దయింది. మనకు ‘గడువు’ ఉంది, మా పెద్దవాళ్లయితే ‘మియాదు’ అనేవాళ్లు. మళ్లీ మృత్యురేఖ ఎందుకు?

ఇంటికి నీళ్లు తెచ్చే పైప్‌లైన్ పైప్‌లైనే, ఊళ్లో అందరూ అదే అంటారు. ‘ప్రాజెక్టులు పైప్‌లైన్‌లో ఉన్నాయి’ అని కనిపిస్తే మాత్రం ‘రాబోతున్నాయి’ అని రాయండి.

లైన్‌కు తెలుగులో ఒక్క మాట దొరకలేదని చిన్నబోకండి, దొరికేవి చాలా ఉన్నాయి, దేని పని దానిది. పత్తి చేన్లో సాలు, పద్యంలో పాదం, చీమలది బారు, పెళ్లి భోజనాల దగ్గర బంతి. ‘రెండో బంతి లేచింది’ అంటాం కదా, ఆ బంతి సంస్కృత ‘పంక్తి’ మన నోట తిరిగిన రూపం. ఈ బంతి ఇప్పటి పిల్లలకు ఆడుకునే బంతిగానే తెలుస్తోంది, అది నాకు నిజంగా బాధ.

‘రేఖ’కూ దాని చోటు ఉంది: సరళరేఖ, భూమధ్యరేఖ, దారిద్య్రరేఖ. అక్కడ దాన్ని కదపొద్దు.