మెషీన్ కంటే ముందు క్యాప్సూల్‌ను ఎంచుకోండి

మీ ప్రశ్నను ముందు ఒకసారి చెప్పుకుంటాను. ఇంట్లో కాఫీ తాగేది ఇద్దరు. ఒకరికి పాలు లేని చిక్కటి చిన్న కప్పు, మరొకరికి పాలతో పెద్ద కప్పు కావాలి. పొద్దున్నే గింజలు మర పట్టుకునే తీరిక లేదు. ఒక కప్పుకు సరిపడే పొడి ఉన్న చిన్న పాడ్‌ను, అంటే క్యాప్సూల్‌ను, లోపల పెట్టి బటన్ నొక్కితే కాఫీ దించే పాడ్ మెషీన్లలో ఏ రకం తీసుకోవాలి, కొన్నాక అది మూలన పడకుండా ఉంటుందా అని అడిగారు. మా ఇంట్లో ఏళ్ల తరబడి పాడ్ మెషీన్ వాడుతున్నాం. తమ్ముడింట్లో ఇంకో రకం, ఆఫీసులో మరో రకం ఉన్నాయి. వాటితో తెలిసివచ్చిన సంగతులే రాస్తున్నాను.

మెషీన్ల రంగులూ ఆకారాలూ చూడటం కాసేపు ఆపండి. మెషీన్‌ను ఒకసారి కొంటారు, క్యాప్సూల్‌ను రోజూ కొంటారు. మామూలుగా ఒక్కో మెషీన్‌లో ఒక్కో రకం క్యాప్సూలే పడుతుంది, రెండోది పట్టదు. కాబట్టి మీ కప్పులోకి ఏ రుచి వస్తుంది, ఎంత ఖర్చవుతుంది, ఐదేళ్ల తరువాత కూడా సరుకు దొరుకుతుందా అనేవి తేల్చేది క్యాప్సూలే. మెషీన్ దాని వెంట వచ్చే పరికరం మాత్రమే.

మొదట చేయవలసిన పని చాలా చిన్నది. మీరిద్దరూ రోజూ తాగే కప్పుల నిండా నీళ్లు పోసి, ఆ నీళ్లను కొలపాత్రలోకి వంచి చూడండి. ఎన్ని మిల్లీలీటర్లు వచ్చాయో తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. నెస్ప్రెస్సో కంపెనీ ఒరిజినల్ రకం క్యాప్సూల్‌లో ఉండే పొడి 5, 6 గ్రాములు. దానితో వచ్చేది 40 మిల్లీలీటర్ల ఎస్ప్రెస్సో, అంటే ఒత్తిడితో దించే చిక్కటి కాఫీ. ఇంకా చిన్నదీ చిక్కనిదీ అయిన రిస్ట్రెట్టో అయితే 25, పెద్దదీ పలచనిదీ అయిన లుంగో కోసం చేసిన క్యాప్సూల్ అయితే 110. అంతకు మించి ఆ పొడి నుంచి ఆశించకూడదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పెద్ద కప్పు కావాలనుకున్నవాళ్లు చాలామంది ఒకే ఎస్ప్రెస్సో క్యాప్సూల్ మీద బటన్ రెండుసార్లు నొక్కుతారు. ఒకసారి గాజు గ్లాసు పెట్టి ధారను చూడండి. మొదట ముదురు గోధుమ రంగులో, చిక్కగా, నెమ్మదిగా జారుతుంది. కాసేపటికి తేనె రంగుకు వస్తుంది. 40 మిల్లీలీటర్లు దాటాక ఎండుగడ్డి రంగు నీళ్లలా పలచబడి గబగబా పడుతుంది. పొడిలోని తీపి, సువాసన ముందే కరిగి వచ్చేశాయి, ఇప్పుడు దిగుతున్నది చేదూ వగరూ మాత్రమే. అందుకే పాలు లేని పెద్ద కప్పు కాఫీ కావాలంటే 40 దగ్గర ఆపి, విడిగా కాచిన వేడినీళ్లు కలుపుకోవాలి. తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది.

రోజూ రెండు వందల మిల్లీలీటర్లకు పైగా పాలు లేని కాఫీ తాగేవాళ్లకు ఒరిజినల్ రకం అంత నప్పదు. వాళ్లకు నెస్ప్రెస్సోదే మరో రకం, వెర్టువో మేలు. 2014లో వచ్చిన ఈ రకంలో నీటిని ఒత్తిడితో తోయడం కాకుండా, క్యాప్సూల్‌నే నిమిషానికి 7,000 వరకు చుట్లు తిప్పుతారు. క్యాప్సూల్ అంచున ఉన్న బార్‌కోడ్‌ను మెషీన్ చదివి ఎన్ని నీళ్లు పోయాలో, ఎంత వేగంతో తిప్పాలో తానే చూసుకుంటుంది. 40, 80, 150, 230 మిల్లీలీటర్లకు వేర్వేరు క్యాప్సూళ్లు ఉన్నాయి, పెద్దవాటిలో పొడి కూడా ఎక్కువ ఉంటుంది. పైన దట్టంగా నురగ కడుతుంది. అది తిప్పడం వల్ల వచ్చే నురగ, ఎస్ప్రెస్సో మీద తేలే పలచటి నురగ పొర క్రెమాకూ దీనికీ పోలిక లేదు. కొందరికి ఇదే ఇష్టం. నాకు మాత్రం చెంచాతో కలిపేస్తేనే తాగబుద్ధవుతుంది.

క్యూరిగ్ కంపెనీ కె-కప్, సెన్సియో అనే వేరే రకాలు తక్కువ ఒత్తిడితో పనిచేస్తాయి. ఇవి కాచి వడపోసినట్టుండే తేలికపాటి కాఫీ ఇస్తాయి. బాగుండవని కాదు, మీ ఇంట్లో ఒకరికి కావలసిన చిక్కటి చిన్న కప్పు వీటిలో రాదు.

ఇక రెండో ప్రశ్న. ఆ క్యాప్సూల్‌ను ఎంతమంది తయారుచేస్తున్నారు? నెస్ప్రెస్సో పద్ధతి మీద నెస్లే ఇంజనీరు ఎరిక్ ఫావ్ర్ 1976లో పేటెంటు తీసుకున్నారు, 1986లో అది అమ్మకానికి వచ్చింది. 2012 ప్రాంతంలో ముఖ్యమైన పేటెంట్ల గడువు తీరాక లవాజా, ఇల్లీ వంటి కంపెనీలు కూడా ఆ మెషీన్లలో పట్టే క్యాప్సూళ్లు చేయడం మొదలుపెట్టాయి. ఇవాళ ఒరిజినల్ రకం మెషీన్ కొన్నవాళ్లు ఒక కంపెనీ కాఫీ నచ్చకపోతే ఇంకో కంపెనీకి మారిపోవచ్చు. వెర్టువోలో ఆ స్వేచ్ఛ బాగా తక్కువ. బార్‌కోడ్ ఉన్న ఏ రకం కొన్నా ఇదే మాట గుర్తుపెట్టుకోండి, సరఫరా పగ్గాలు అమ్మేవాళ్ల చేతిలోనే ఉంటాయి.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 2014లో క్యూరిగ్ 2.0 మెషీన్లు వచ్చినప్పుడు, మూత మీద తమ గుర్తు ఉన్న పాడ్‌లనే తీసుకునేలా వాటిని తయారుచేశారు. కొన్నవాళ్లు మండిపడ్డారు. పొడి నింపుకుని మళ్లీ మళ్లీ వాడుకునే పాడ్‌ను 2015లో ఆ కంపెనీ తిరిగి తీసుకురావలసి వచ్చింది. స్టార్‌బక్స్ 2012లో వెరిస్మో పేరుతో సొంత పాడ్ మెషీన్ తెచ్చి, కొన్నేళ్లకు దాన్నే ఆపేసింది. మెషీన్ చక్కగా పనిచేస్తున్నా పాడ్‌ల కోసం వెతుక్కోవలసిన పరిస్థితి మీకు రాకూడదు. అందుకే మీరు ఉండే చోట కనీసం రెండు కంపెనీల క్యాప్సూళ్లు దొరికే రకాన్నే తీసుకోమంటాను.

ఈ విషయంలో అందరికంటే స్వేచ్ఛనిచ్చేది ఇ.ఎస్.ఇ. పాడ్. 44 మిల్లీమీటర్ల గుండ్రటి కాగితపు పొట్లం, లోపల నొక్కిపెట్టిన 7 గ్రాముల పొడి. ఇది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, కాబట్టి ఏ కాఫీ కంపెనీ అయినా చేయవచ్చు. ప్లాస్టిక్ లేదు, అల్యూమినియం లేదు, వాడాక పొట్లంతో సహా ఎరువులో కలిసిపోతుంది. రుచి కూడా బాగుంటుంది. అన్నిచోట్లా దొరకదు, అదొక్కటే ఇబ్బంది. దొరికే చోట ఉంటే దీన్ని తప్పకుండా ఆలోచించండి.

పాల సంగతికి వస్తే, 40 మిల్లీలీటర్ల ఎస్ప్రెస్సోను 200 మిల్లీలీటర్ల పాలలో పోస్తే కాఫీ జాడ ఉండదు. ఒక క్యాప్సూల్‌కు 120 నుంచి 150 మిల్లీలీటర్ల పాలు నాకు సరిపోతున్నాయి. కప్పు అంతకంటే పెద్దదైతే రెండు క్యాప్సూళ్లు వేయాలి, ఖర్చు లెక్కలో అది కూడా కలపండి. డోల్చె గుస్తో అనే ఇంకో రకంలో పాలపొడి క్యాప్సూళ్లు వస్తాయి. కాఫీది ఒకటి, పాలది ఒకటి వేస్తే లాటె, అంటే పాల కాఫీ తయారు. శుభ్రం చేసే పని దాదాపు లేదు. కానీ తాజా పాలతో అలవాటు పడిన నాలుకకు పాలపొడి రుచి దాగదు. ముందు ఎవరింట్లోనైనా తాగి చూశాకే అటు వెళ్లండి.

మెషీన్‌లోనే పాలు నురగ కట్టించే ఏర్పాటు ఉన్నవి చూడటానికి ముచ్చటగా ఉంటాయి. మా తమ్ముడిది అదే. పాలు పీల్చే సన్నటి గొట్టాన్ని ప్రతిసారీ కడగాలి. ఒక్క పూట వదిలేస్తే లోపల తెల్లటి పొర కట్టి పులిసిన వాసన మొదలవుతుంది. వాళ్లింట్లో వారం మధ్యలో ఆ భాగాన్ని తీసి పక్కన పెట్టేస్తారు. విడిగా ఉండే నురగ జగ్గు కొనుక్కుంటే పని అయ్యాక నీళ్లతో కడిగి బోర్లించవచ్చు, అది చెడినా మెషీన్‌కు ఏమీ కాదు. పాలు 60 నుంచి 65 డిగ్రీల వేడిలో తీయగా ఉంటాయి, 70 దాటితే మరిగిన పాల రుచి వస్తుంది. జగ్గు కొనేటప్పుడు ఆ వేడి దగ్గర తనంతట తాను ఆగుతుందా అని అడగండి.

మెషీన్ పెట్టె మీద 15 బార్, 19 బార్ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, బార్ అంటే ఒత్తిడి కొలత. దాన్ని చూసి తూకం వేయకండి. అది పంపు ఇవ్వగల గరిష్ఠ ఒత్తిడి. ఎస్ప్రెస్సో దిగడానికి పొడి దగ్గర కావలసింది 9 బార్ చుట్టుపక్కల. అలాగే క్యాప్సూల్ డబ్బా మీద ఉండే తీవ్రత అంకెకూ కెఫీన్‌కూ సంబంధం ఉందని అనుకుంటారు. ఆ అంకె చెప్పేది గింజలను ఎంత వేయించారు, చేదు, చిక్కదనం గురించి. నిద్ర పట్టదని భయపడేవాళ్లు తక్కువ అంకె వెతకకుండా, కెఫీన్ తీసేసిన క్యాప్సూల్ అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనాలి.

ఖర్చును కప్పు లెక్కన కాక కిలో లెక్కన చూడండి. 5 గ్రాముల క్యాప్సూళ్లు 200 కలిస్తే కిలో కాఫీ. మీరు చూస్తున్న క్యాప్సూల్ ధరను 200తో హెచ్చించి, మీకు నచ్చిన మంచి గింజల కిలో ధర పక్కన పెట్టండి. రోజుకు నాలుగు క్యాప్సూళ్లు వాడే ఇంట్లో నెలకు 120 అవుతాయి, అంటే 600 గ్రాముల కాఫీ. ఆ తేడా మీకు తీరిక కొనిపెడుతోందంటే సంతోషంగా కొనండి. రోజుకు ఎనిమిది, పది కప్పులు సాగే ఇల్లయితే మాత్రం పాడ్ మెషీన్ వద్దంటాను. గింజలను తానే మర పట్టి కాఫీ దించే మెషీన్ ముందు ఖరీదుగా కనిపించినా అక్కడ అదే గిట్టుబాటు.

అందరూ చివర చూసేదీ, నిజానికి మెషీన్ ఆయుష్షును నిర్ణయించేదీ నీరు. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి గార పేరుకుంటోందా? అదే గార మెషీన్ లోపలి సన్నటి గొట్టాల్లోనూ పేరుకుంటుంది. మా ఆఫీసు మెషీన్‌కు ఆ ఆలనా పాలనా ఎవరూ చూడలేదు. మొదట కాఫీ గోరువెచ్చగా రావడం మొదలైంది, తరువాత ధార సన్నబడింది, చివరికి పంపు గట్టిగా మూలుగుతూ చుక్కలు చుక్కలుగా వదిలేది. అందరూ కాఫీ బ్రాండును తిట్టుకున్నారు. గార తీసే ద్రావణం పట్టించి, రెండు ట్యాంకుల మంచినీళ్లు లోపలి నుంచి పోనిచ్చి కడిగాక మళ్లీ మామూలు ధార వచ్చింది. కఠిన జలం ఉన్నచోట మూడు నెలలకు ఒకసారి ఈ పని తప్పదు. వెనిగర్ పోయమని చెప్పేవాళ్లు ఉంటారు, వద్దు. రబ్బరు భాగాలకు మంచిది కాదు, వాసన కూడా ఒక పట్టాన వదలదు. కొనేముందు, గార తీసే పద్ధతి బటన్లతో తేలికగా నడుస్తుందా అని వివరాల పుస్తకంలో చూసుకోండి. చాలా కంపెనీలు దాన్ని ఇంటర్నెట్‌లో పెడతాయి.

వాడేసిన క్యాప్సూళ్లు పడే డబ్బాను రోజూ ఖాళీ చేయాలి. తడి పిప్పి, వెచ్చదనం, చీకటి మూడూ ఒకచోట ఉంటాయి కాబట్టి సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి బూజు పడుతుంది. ఊరెళ్లేముందు డబ్బా, ట్యాంకు రెండూ కడిగి ఆరబెట్టడం మా ఇంట్లో తలుపు తాళం వేయడంతో సమానమైన అలవాటు. అల్యూమినియం క్యాప్సూల్ గాలి తగలనివ్వదు, కాబట్టి పొడి తాజాగా ఉంటుంది. కానీ చిన్న వస్తువు కావడంతో మామూలు చెత్తలో పడితే తిరిగి కరిగించే చోటికి చేరడం కష్టం. 2016లో జర్మనీలోని హాంబర్గ్ నగరం ప్రభుత్వ సొమ్ముతో కాఫీ క్యాప్సూళ్లు కొనకూడదని నిర్ణయించింది కూడా ఈ చెత్త గురించే. మీ దగ్గర వాడిన క్యాప్సూళ్లను కంపెనీ వెనక్కి తీసుకుంటుందా అని కనుక్కోండి. లేకపోతే వెనక రేకు చించి, బొటనవేలితో పిప్పిని మొక్కలకు నెట్టేసి, ఖాళీ లోహాన్ని విడిగా పోగుచేయండి. చేతికి కాస్త మరక అవుతుంది, అయినా చేయదగిన పనే. పొడి నింపుకునే స్టీలు క్యాప్సూళ్లు నేనూ వాడాను. పొడి ఏమాత్రం ముతకైనా నీళ్లు నేరుగా దిగిపోతాయి. తీరిక లేదని పాడ్ మెషీన్ కొనేవాళ్లకు అవి పనికిరావు.

కొనేటప్పుడు చూడవలసిన చిన్న సంగతులు కొన్ని. అలమర కింద పెట్టేటట్లయితే మూత పైకి లేవడానికి, వెనక ట్యాంకు తీయడానికి చోటు ఉండాలి. మీ పెద్ద కప్పు ధార కింద పట్టాలి. పంపు అదురుకు తేలికైన కప్పు పళ్లెం మీద పక్కకు జరుగుతూ పోతుంది, కాబట్టి వీలైతే దుకాణంలో ఒకసారి నడిపించి చూడండి. వేరే దేశం నుంచి ఎవరైనా తెచ్చిస్తానంటే 110, 220 వోల్టుల తేడా చూడకుండా ఒప్పుకోకండి. మొదటి కాఫీకి ముందు క్యాప్సూల్ లేకుండా వేడినీళ్లు కప్పులోకి వదిలి పారబోస్తే కప్పు వెచ్చబడుతుంది. చల్లటి మందపాటి కప్పులో 40 మిల్లీలీటర్లు నిమిషంలో చల్లారిపోతాయి.

మీరు చెప్పిన వివరాలకు నా సలహా ఒరిజినల్ రకం మెషీన్‌లో చిన్నది, సాదాది. దానికి తోడు విడి నురగ జగ్గు. పాల కప్పుకు రెండు క్యాప్సూళ్లు. ఖరీదైన మోడల్‌లో అదనంగా వచ్చేవి ఎక్కువగా పై తొడుగు, తెర, బటన్లు. కాఫీ రుచిలో నాకు తేడా కనిపించలేదు. మీ పెద్ద కప్పు ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, అక్కడ ఏయే కంపెనీల క్యాప్సూళ్లు దొరుకుతున్నాయో కింద రాయండి, దాన్ని బట్టి మార్పు ఏమైనా ఉంటే చెబుతాను.