రోగనిరోధకమే రోగకారకమైతే?

సందేహం: చిట్టెలుకలలో మధుమేహాన్ని గురించిన వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో రోగనిరోధక కణాలే క్లోమగ్రంథిని పాడుచేసి వ్యాధిని తెస్తున్నాయి. రోగాన్ని తెచ్చేవాటిని 'రోగనిరోధక కణాలు' అనడం వదతోవ్యాఘాతం కాదా? ఇంగ్లీషులోని 'ఆటోఇమ్యూన్' (సొంత దేహంపైనే రోగనిరోధక వ్యవస్థ దాడిచేసే) మధుమేహాన్ని 'స్వయంనిరోధక మధుమేహం' అని రాయవచ్చునా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: పదంలోని భాగాల అర్థాన్నే (అవయవార్థాన్నే) పట్టుకుంటే మీ ఆక్షేపణ సబబే. కాని అలా పట్టుకున్నవారు కొబ్బరినూనెలో నువ్వులెక్కడివని కూడా అడగవలసి వస్తుంది. నూనె అంటే నువ్వుల నెయ్యే కదా. పేరు రూఢమయ్యాక వ్యుత్పత్తి పక్కకు తప్పుకుంటుంది.

ఆమాటకొస్తే మీరు నిస్సందేహంగా వాడిన 'మధుమేహం' సంగతి చూడండి. 'మిహ సేచనే' అని సంస్కృత క్రియామూలాల పట్టిక అయిన ధాతుపాఠం. తడపడం, కురియడం దాని అర్థం. నిరుక్తకారుడు యాస్కుడు మేఘ శబ్దాన్ని కూడా ఈ ధాతువుతోనే సాధించాడు. ఆకాశం నుంచి కురిసేది మేఘం, దేహం నుంచి కురిసేది మేహం. మూత్రం తేనెవలె ఉండటాన్నీ, దానికి చీమలు పట్టడాన్నీ గమనించిన ప్రాచీన వైద్యులు ఇరవై ప్రమేహాలలో (మూత్ర సంబంధ వ్యాధులలో) ఒకదానికి మధుమేహమని పేరు పెట్టారు. మీ చిట్టెలుకల కథ కూడా మూత్రం దగ్గరే మొదలైంది. జపాన్‌లోని షియోనోగి సంస్థ ప్రయోగశాలలో, కంటి శుక్లాల పరిశోధన కోసం పెంచుతున్న సంతతి నుంచి చీల్చిన ఒక శాఖలో, 1974లో ఒక ఆడ చిట్టెలుక అతిగా మూత్రం విసర్జిస్తూ, ఆ మూత్రంలో చక్కెర పోతూ, చిక్కి శల్యమవుతూ కనబడింది. దాని సంతానం నుంచి ఏర్పడిన ఎన్ఓడీ (నాన్ ఒబీస్ డయాబెటిక్, అంటే ఊబకాయం లేకుండానే మధుమేహం వచ్చే) జాతిని మాకినో బృందం 1980లో ప్రకటించింది.

అయితే ఈ కురియడం చివరి అంకం. 3, 4 వారాల వయసులోనే తెల్లకణాలు క్లోమగ్రంథిలో ఇన్సులిన్ పుట్టే పుటికల (ఐలెట్ల) చుట్టూ చేరతాయి. మూత్రంలో చక్కెర కనబడేసరికి సాధారణంగా 12 వారాలు దాటుతుంది. మగవాటికంటే ఆడవాటికి ఈ బెడద ఎక్కువ. వ్యాధి వచ్చినదాని ప్లీహంలోని టి కణాలను (ఒక రకం తెల్లకణాలను) అదే జాతిలో ఇంకా వ్యాధి రాని పిల్లకు ఎక్కిస్తే దానికీ మధుమేహం వస్తుంది. కాబట్టి కర్తృత్వం కణాలదేననడంలో సందేహం లేదు. టి కణాలలో సీడీ8 రకం ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపుతుంది, సీడీ4 రకం ఆ సీడీ8 కణాలను పురికొల్పుతుంది. యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు (మరో రకం తెల్లకణాలు) లేకుండా పుట్టించిన చిట్టెలుకలు చాలావరకు తప్పించుకుంటాయి. ఈ గుంపులోనే ఉన్న నియంత్రక టి కణాలు మాత్రం దాడిని అణచిపెడుతుంటాయి. వాటిని తొలగిస్తే వ్యాధి మరింత త్వరగా ముదురుతుంది. కనీసం వీటికి నిరోధక శబ్దం అక్షరాలా చెల్లుతుంది కనుక మొత్తం వర్గానికి ఆ పేరు తీసివేయనక్కరలేదు.

'స్వయంనిరోధక' మాత్రం వద్దు. తనను తాను అడ్డుకునే మధుమేహానికి మందే అక్కరలేదు గదా! విగ్రహవాక్యం చెప్పుకోకుండా సమాసాలు అతికించడం నేటి పత్రికలవారికి అలవాటైపోయింది. 'స్వయంప్రతిరక్షక' కొంత మేలు. అందులోనూ తనను తాను కాపాడుకోవడమనే అర్థమే ముందు స్ఫురిస్తుంది గనుక నాకు పూర్తిగా రుచించదు, వాడుకలో నిలదొక్కుకుంటున్నది గనుక కాదనను. సామాన్య పాఠకులకైతే 'ఆటోఇమ్యూన్ మధుమేహం' అనే రాయండి.

చిట్టెలుక అన్నారు, సంతోషం. ప్రయోగశాలలో ఎలుక వేరు, చిట్టెలుక వేరు. కొందరు రాసే 'చుంచెలుక' కూడదు, చుంచు మరో ప్రాణి.